రహస్య గ్రహయాత్రకు పిలుపు: చేరాలా, మానాలా?

భూమిని వదిలి వేరే గ్రహం మీద కాపురం పెట్టడానికి మనుషులను పంపిన దేశం గానీ, కంపెనీ గానీ ఇంతవరకూ లేదు. మనిషి అడుగుపెట్టిన పరాయి నేల చంద్రుడిది ఒక్కటే. అక్కడ దిగినవాళ్లు పన్నెండుమంది. అందరూ తిరిగొచ్చారు, ఆఖరి ఇద్దరూ 1972 డిసెంబరులో. అయినా ఎంపిక చేసిన కొందరిని గుట్టుచప్పుడు కాకుండా అంగారకుడికి తరలిస్తున్నారన్న మాట దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది. ఆ మాటకు బాగా ఊపు తెచ్చింది ఒక టీవీ కార్యక్రమం. 1977 జూన్ 20న బ్రిటన్‌లోని ఆంగ్లియా టెలివిజన్ ‘ఆల్టర్నేటివ్ 3’ పేరుతో దాన్ని ప్రసారం చేసింది. భూమి వాతావరణం పాడైపోతోందని ముందే తెలిసి, శాస్త్రవేత్తలను రహస్యంగా చంద్రుడి మీదుగా అంగారకుడికి చేరవేస్తున్నారన్నది కథ. వార్తా పరిశోధనలాగా తీసిన నాటకమది. అందులో కనిపించిన శాస్త్రవేత్తలు నటులు, చివర్లో వేసిన తేదీ ఏప్రిల్ 1. ఏప్రిల్ ఫూల్ వేళాకోళం జూన్‌కి జరగడంతో నవ్వు పోయి పుకారు మిగిలింది.

ఇలాంటి యాత్రలో చేరమని ఎవరికైనా పిలుపు వస్తే తేల్చుకోవలసినవి రెండు. అసలు ఆ యాత్ర ఉందా? ఉంటే వెళ్లదగ్గదేనా? మనసు మాత్రం రెండోదాని దగ్గరికే ముందు పరిగెత్తుతుంది. ధైర్యం ఉందా, అమ్మానాన్నలను వదలగలమా, ఉద్యోగం ఏమవుతుంది అని రాత్రిళ్లు మథనపడతారు. మొదటి ప్రశ్న తేలకుండా పడే ఆ మథనమంతా వృథా. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి ఆస్ట్రేలియా అనుభవం చాలా పనికొస్తుంది. రాకెట్ ప్రయోగ క్షేత్రం, రహస్య సైనిక స్థావరాలు, మోసపోయిన వలసదారుల ఊరు, అంగారకుడికి ఒకవైపు టికెట్ కోసం పేరు ఇచ్చినవాళ్లు, అన్నీ అక్కడ ఉన్నాయి.

ప్రభుత్వాలు రహస్యాలు దాచవా అని పుకారును నమ్మేవాళ్లు అడుగుతారు. దాస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని మారలింగలో 1956 నుంచి 1963 దాకా బ్రిటన్ అణు పరీక్షలు చేసింది. పెద్ద పేలుళ్ల సంగతి అప్పటి పత్రికల్లోనే వచ్చింది. రహస్యంగా సాగినవి ‘చిన్న పరీక్షలు’ అని పేరు పెట్టినవి, నేల మీద ప్లుటోనియం చల్లిపోయినవి. పని చేసిన సైనికులకు గానీ, ఆ నేల సొంతదారులైన ఆదివాసులకు గానీ ప్రమాదం ఎంతో సరిగా చెప్పలేదని 1984-85లో జస్టిస్ జేమ్స్ మెక్‌క్లెలండ్ నడిపిన రాయల్ కమిషన్ విచారణలో బయటపడింది. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గరి పైన్ గ్యాప్ స్థావరం సంగతీ అంతే. ఆస్ట్రేలియా, అమెరికా 1966లో దానికి ఒప్పందం చేసుకున్నాయి. తెల్లటి గోపురాలు ఎక్కడున్నాయో దేశమంతటికీ తెలుసు, లోపల ఏం వింటున్నారన్నదే రహస్యం. ఈ రెండు ఉదాహరణలూ ఒకే సంగతి చెబుతాయి: పెద్ద వస్తువును దాచడం కష్టం, దాని ఉద్దేశాన్నీ అది చేసే హానినీ దాచడం తేలిక.

అంగారక యాత్ర పెద్ద వస్తువుల్లోకెల్లా పెద్దది. రాకెట్ లేచినప్పుడు దాని మంట నుంచి వెలువడే పరారుణ కాంతిని భూస్థిర కక్ష్యలోని హెచ్చరిక ఉపగ్రహాలు క్షణాల్లో పట్టేస్తాయి. అలాంటి అమెరికన్ ఉపగ్రహాల సమాచారం అందుకున్న కేంద్రాల్లో ఒకటి ఆస్ట్రేలియా రాకెట్ ప్రయోగ క్షేత్రం వూమెరా దగ్గరి నర్రంగర్. 1999లో మూతపడే దాకా అది పనిచేసింది, 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణుల జాడ కూడా అక్కడికే చేరింది. ఒక క్షిపణి మంటే దాగనప్పుడు, వలస కుటుంబాలను మోసే రాకెట్ దాగుతుందా? పైగా ఒక్క రాకెట్‌తో అయ్యే పనీ కాదు.

లేచాక చూసే కళ్లు ఇంకా ఎక్కువ. పశ్చిమ ఆస్ట్రేలియా కొసన ఎక్స్‌మౌత్‌లో కక్ష్యలోని వస్తువులను గమనించే రాడారు, టెలిస్కోపు రెండూ ఉన్నాయి. అదే రాష్ట్రంలోని మర్చిసన్ రేడియో టెలిస్కోపుతో, ఎఫ్ఎం రేడియో తరంగాలు ఉపగ్రహాలకు తగిలి వెనక్కి వచ్చే తీరును బట్టి వాటిని పట్టుకునే పద్ధతిని కర్టిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. సైన్యాల మాట అటుంచినా, డాబా మీద యాంటెన్నా పెట్టుకున్న ఔత్సాహికులు ఊరుకోరు. 2018 జనవరిలో కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ, అమెరికా రహస్య ఉపగ్రహం ‘జుమా’ కోసం వెతుకుతూ, 2005లో నాసా పోగొట్టుకున్న ‘ఇమేజ్’ ఉపగ్రహం సంకేతాలను పట్టుకున్నాడు. జర్మనీలోని బోకుమ్ దగ్గర ఔత్సాహికులు 20 మీటర్ల యాంటెన్నాతో అంగారకుడికి వెళ్తున్న చైనా నౌక తియాన్‌వెన్-1 సంకేతాలు విన్నారు. అంగారకుడి మీద జనం ఉంటే వాళ్లు భూమితో మాట్లాడక తప్పదు. కాన్‌బెర్రా దగ్గరి టిడ్బిన్‌బిల్లాలో ఉన్నలాంటి పెద్ద డిష్‌లు దానికి కావాలి, ఆ మాటలు ఆకాశమంతా పరుచుకుంటాయి.

కాబట్టి గ్రహవలస విషయంలో రహస్యం ప్రపంచానికి తెలియకుండా చేయలేదు. దానివల్ల చీకట్లో ఉండేది పిలుపు అందుకున్న మనిషే. “ఎవరికీ చెప్పకండి” అన్న షరతు అతన్ని డాక్టరుకు, లాయరుకు, ఇంజినీరుకు, ఇంట్లోవాళ్లకు దూరం చేస్తుంది. సలహా చెప్పగల ప్రతి మనిషినీ ముందే పక్కకు నెట్టేస్తుంది. వలసల చరిత్రలో ఇది పాత ఎత్తు.

ఆ ఎత్తుకు బలైనవాళ్ల ఊరు న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో ఉంది. పేరు న్యూ ఇటలీ. 1870ల చివర్లో మార్కీ ద రే అనే ఫ్రెంచి ప్రభువు, ఇప్పటి పపువా న్యూగినీలోని న్యూ ఐర్లండ్ దీవిలో ‘నూతన ఫ్రాన్స్’ నిర్మిస్తున్నానని ప్రకటించి, అక్కడి భూమిని ఐరోపాలో హెక్టార్ల లెక్కన అమ్మాడు. ఆ దీవిని అతను ఎన్నడూ చూడలేదు. ఫ్రాన్స్, ఇటలీ ప్రభుత్వాలు వద్దని హెచ్చరించాయి. దాంతో ఓడలు ఇతర దేశాల రేవుల నుంచి బయల్దేరాయి. ‘ఇండియా’ అనే ఓడలో ఇటలీలోని వెనెటో ప్రాంతపు రైతు కుటుంబాలు, దాదాపు 340 మంది, 1880 జులైలో బార్సిలోనా నుంచి వెళ్లారు. దిగిన చోటు పేరు పోర్ట్ బ్రెటన్. కొండ, అడవి, ఎడతెగని వాన. సాగుకు నేల లేదు, సరుకులు చాలలేదు. మలేరియా, ఆకలి కలిసి మనుషులను తీసుకుపోయాయి. మిగిలినవాళ్లు పట్టుబట్టి ఓడను నూమియాకు మళ్లించారు. అక్కడి నుంచి 217 మంది 1881 ఏప్రిల్‌లో సిడ్నీ చేరారు. మరుసటి ఏడాది వాళ్లలో కొన్ని కుటుంబాలు రిచ్‌మండ్ నది ప్రాంతంలో స్థలం తీసుకుని స్థిరపడ్డాయి. మార్కీకి ఆ తర్వాత జైలుశిక్ష పడింది.

ఆ రైతులు తెలివితక్కువవాళ్లేమీ కాదు. వెనెటోలో అప్పుడు పేదరికం ఘోరంగా ఉంది, అమ్మినవాడికి బిరుదు ఉంది, పటం ఉంది, పత్రిక ఉంది. లేనిదల్లా ఆ దీవిని చూసొచ్చి చెప్పే స్వతంత్ర సాక్షి. వాళ్లు పోర్ట్ బ్రెటన్ నుంచి బతికి బయటపడటానికి కారణం కూడా ఒక్కటే: ఓడ ఇంకా రేవులో ఉంది, కొన్ని రోజుల ప్రయాణంలో మరో రేవు ఉంది. అంగారకుడి విషయంలో ఈ రెండూ ఉండవు. భూమి, అంగారకుడు అనుకూలమైన దూరానికి వచ్చేది సుమారు 26 నెలలకు ఒకసారి, ప్రయాణానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. సాయం కావాలని ఈరోజు కబురు పెడితే అది భూమికి చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సాయం చేరడానికి రెండు, మూడేళ్లు పట్టవచ్చు.

ఇటీవలి ఉదాహరణ మార్స్ వన్. అది రహస్య యాత్ర కాదు, పైగా ప్రచారమే దాని పెట్టుబడి. కానీ పిలుపు అందుకున్నవాళ్లు ఏం అడగాలి, ఏం అడగలేదు అన్నది తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు. నెదర్లాండ్స్‌కు చెందిన బాస్ లాన్స్‌డార్ప్ 2012లో దాన్ని ప్రకటించాడు. 600 కోట్ల డాలర్లతో మొదటి నలుగురిని పంపుతామని, 2023లో దించుతామని, తిరుగు ప్రయాణం ఉండదని, డబ్బు టీవీ ప్రసార హక్కుల నుంచి వస్తుందని చెప్పాడు. 2013లో రుసుము కట్టించుకుని దరఖాస్తులు తీసుకున్నారు. 2 లక్షలకు పైగా వచ్చాయని ప్రకటించారు. నిజంగా డబ్బు కట్టి దరఖాస్తు పూర్తిచేసినవాళ్లు కొన్ని వేలమందే. 2015 ఫిబ్రవరిలో వందమంది జాబితా వచ్చింది, యాభైమంది స్త్రీలు, యాభైమంది పురుషులు. అందులో పలువురు ఆస్ట్రేలియన్లు.

ఆస్ట్రేలియా పాత్రికేయురాలు ఎల్మో కీప్ 2014లో ఈ వ్యవహారాన్ని తవ్వి రాసింది. రాకెట్ లేదు, దిగే వాహనం లేదు, శిక్షణ కేంద్రం లేదు, ఉన్నది కొద్దిపాటి ఉద్యోగులు, బోలెడంత ప్రచారం. వందమందిలో ఒకడైన ఐర్లండ్ భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ రోష్ 2015లో ఆమెతో మాట్లాడుతూ లోపలి సంగతి చెప్పాడు. తనను ఎవరూ ముఖాముఖి కలవలేదని, ఎంపిక ఇంటర్వ్యూ స్కైప్‌లో పది నిమిషాలు సాగిందని, సంస్థ వస్తువులు కొంటే, విరాళాలిస్తే పాయింట్లు పెరుగుతాయని వివరించాడు. లాన్స్‌డార్ప్ ఈ విమర్శలను ఒప్పుకోలేదు. ప్రయాణ తేదీ మాత్రం 2025కు, 2027కు, ఆపైన 2031 దాకా జరుగుతూ పోయింది. చివరికి 2019 జనవరిలో స్విట్జర్లండ్‌లోని బాసెల్ కోర్టు దాని వ్యాపార విభాగాన్ని దివాలా తీసినట్టు ప్రకటించింది.

దివాలా ఒక రకంగా అదృష్టమనే చెప్పాలి. డబ్బు సమకూరి ఉంటే జరిగేదేమిటో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2014లోనే లెక్కకట్టారు. సిడ్నీ డో, ఒలివియె ద వెక్, మరి కొందరు కలిసి మార్స్ వన్ ప్రకటించిన ప్రణాళికనే తీసుకుని, ఆహారమంతా అక్కడే పండించుకుంటారన్న ఊహతో నమూనా నడిపించారు. మొక్కలు అవసరాన్ని మించి ఆక్సిజన్ వదులుతాయి. ఆక్సిజన్ పెరిగితే నిప్పు ప్రమాదం, అందుకని గాలిని బయటికి వదలాలి. ఆక్సిజన్‌ను మాత్రమే వేరుచేసి తీసేసే పరికరం రోదసిలో వాడుకకు సిద్ధంగా లేదు కనుక నైట్రోజన్ కూడా పోతుంది. నైట్రోజన్ నిల్వ అయిపోగానే గదుల్లో పీడనం పడిపోతుంది. ఆ లెక్క ప్రకారం మొదటి మరణం సుమారు 68వ రోజున, ఊపిరాడక. అదే పరిశోధనలో తేలిన మరో సంగతికి అంత పేరు రాలేదు గానీ, అది ఇంకా ముఖ్యం. కాలనీ పెరిగేకొద్దీ భూమి నుంచి పంపాల్సిన సరుకులో విడిభాగాలే 62 శాతం దాకా పెరుగుతాయి. అంటే పంపులు, వడపోత పరికరాలు, బేరింగులు. స్వయంసమృద్ధ కాలనీ అన్న మాటకు ఇంతకన్నా చేదు విరుగుడు లేదు.

శరీరం సంగతి చూస్తే లెక్కలు ఇంకా సూటిగా ఉంటాయి. భూమి మీద మనిషికి సహజంగా తగిలే రేడియేషన్ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. క్యూరియాసిటీ రోవర్ 2011-12లో అంగారకుడికి వెళ్తూ దారిలో కొలిచింది రోజుకు 1.8 మిల్లీసీవర్ట్‌లు. దిగాక నేల మీద కొలిచింది రోజుకు సుమారు 0.64. ఒక వ్యోమగామి జీవితం మొత్తానికి నాసా పెట్టిన హద్దు 600. ఆరు నెలల ప్రయాణంలోనే అందులో సగానికి పైగా పోతుంది. మిగిలింది, రక్షణ గోడలు లేకపోతే, అంగారకుడి మీద సుమారు 420 రోజుల్లో అయిపోతుంది. అక్కడే జీవితాంతం ఉండాలంటే భూగర్భంలోనో, మీటర్ల మందాన మట్టి కప్పిన గదుల్లోనో బతకాలి. ప్రకటన బొమ్మల్లోని గాజు గోపురాలు ఇందుకు పనికిరావు.

అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే విషలవణం ఉందని 2008లో ఫీనిక్స్ నౌక కనిపెట్టింది. అది థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, కనుక కడగకుండా ఆ మట్టిలో పంట వేయడానికి లేదు. గాలి పీడనం భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. గురుత్వాకర్షణ 38 శాతం. భారరహిత స్థితిలో ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున సాంద్రత కోల్పోతాయని అంతరిక్ష కేంద్రంలో తేలింది. 38 శాతం గురుత్వంలో ఏమవుతుందో, అక్కడ గర్భం నిలిచి బిడ్డ ఆరోగ్యంగా పెరుగుతుందో లేదో ఏ ప్రయోగమూ చెప్పలేదు. పిల్లలు పుడతారో లేదో తెలియని చోటును కాలనీ అనడం తొందరపాటు. అంగారకుడి గాలి నుంచి ఆక్సిజన్ తీయవచ్చని పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ పరికరం నిరూపించింది. గొప్ప విజయమే. అయితే 2021 నుంచి 2023 దాకా అది తీసిన మొత్తం 122 గ్రాములు. ఒక మనిషికి రోజుకు 840 గ్రాములు కావాలి, అంటే ఆ ఆక్సిజన్ ఒకరికి మూడున్నర గంటలకు సరిపోతుంది.

ఒంటరి మజిలీల్లో మనుషులు ఎలా ఉంటారన్నది ఆస్ట్రేలియాకు కొత్త కాదు. 1954లో అంటార్కిటికాలో మాసన్ కేంద్రం పెట్టినప్పటి నుంచి ఏటా కొందరు అక్కడ చలికాలమంతా ఉంటున్నారు. నెలల తరబడి ఓడ రాదు. కేంద్రంలో డాక్టరు ఒక్కరే. ఆ డాక్టరుకే అపెండిసైటిస్ వస్తే ఆపరేషన్ చేసేవాళ్లు లేరు కనుక, చలికాలం గడపబోయే డాక్టర్లు ముందుగానే ఆరోగ్యంగా ఉన్న అపెండిక్స్‌ను తీయించుకోవాలని ఆస్ట్రేలియా అంటార్కిటిక్ విభాగం నియమం పెట్టింది. నిజాయితీగా నడిచే యాత్ర లక్షణం ఇది. అరుదైన ప్రమాదాన్ని కూడా ముందే బల్ల మీద పెడుతుంది, దానికేం చేయాలో చెబుతుంది, నచ్చకపోతే మానుకోవచ్చంటుంది.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ఒక కంటి ఆపరేషన్ కేసులో, 14,000 మందిలో ఒకరికి వచ్చే ప్రమాదాన్నైనా, ఆ రోగికి అది ముఖ్యమైతే, డాక్టరు చెప్పి తీరాలని తీర్పిచ్చింది. తెలిసి ఇచ్చిందే సమ్మతి. ఎక్కే నౌక ఏదో, దాన్ని ఎవరు పరీక్షించారో, ఎన్నిసార్లు విఫలమైందో చెప్పని యాత్రకు ఎంత సంతోషంగా సంతకం చేసినా అది సమ్మతి కిందికి రాదు. 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు వాటి దేశం అనుమతి, నిరంతర పర్యవేక్షణ ఉండాలి. రెండో అధికరణం ప్రకారం వేరే గ్రహం మీద ఏ దేశానికీ యాజమాన్యం ఉండదు, కనుక అక్కడ స్థలం రాసిస్తామన్న పత్రానికి విలువ లేదు. ఆస్ట్రేలియాలో 2018 నాటి అంతరిక్ష ప్రయోగాల చట్టం కింద అనుమతి లేకుండా ప్రయోగం చేయడం నేరం. అంటే ప్రభుత్వాలకు తెలియకుండా సాగే ప్రైవేటు వలసయాత్ర, ఒకవేళ నిజమే అయినా, చట్టవిరుద్ధం. అందులో చేరినవాళ్లకు ప్రమాదం జరిగితే అడిగే నాథుడు ఉండడు.

తెలుగువాళ్లకు ఇలాంటి ఒప్పందాల చరిత్ర సొంతంగానే ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో తెలుగు, తమిళ జిల్లాల కూలీలను ఫిజీ ఓడలెక్కించారు. అక్కడి చెరకు మిల్లుల్లో అత్యధికం సిడ్నీ కేంద్రంగా నడిచే కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. ఫిజీ ఎంత దూరమో, పని ఎంత కఠినమో ఏజెంట్లు సరిగా చెప్పలేదు, ఎందరో మోసపోయారు. గిర్మిట్ అని పిలిచే అంత అన్యాయపు కూలీ ఒప్పందం కాగితం మీద కూడా ఐదేళ్ల గడువు, పదేళ్ల తర్వాత ఉచితంగా తిరుగు ఓడ అన్న మాటలు ఉన్నాయి. నూట ఇరవై ఏళ్ల కిందటి కూలీకి దక్కిన ఆ హామీ కూడా లేని కాగితం మీద ఇప్పుడు ఒక ఇంజినీరు సాహసం పేరుతో సంతకం చేయడం వింత.

నిజమైన ఎంపిక ఎలా ఉంటుందో చూడాలంటే ఆస్ట్రేలియాకు చెందిన క్యాథరిన్ బెన్నెల్-పెగ్ ఉదాహరణ చాలు. యూరోపియన్ అంతరిక్ష సంస్థ బహిరంగంగా పిలిచిన దరఖాస్తులు 22,500కు పైగా వచ్చాయి. వడపోతల్లో చివరి కొద్దిమంది దాకా నిలిచిన ఆమెను ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తన తరఫున జర్మనీలోని కొలోన్‌కు శిక్షణకు పంపింది. ఏడాదికి పైగా సాగిన ఆ శిక్షణను 2024 ఏప్రిల్‌లో పూర్తిచేసి, ఆస్ట్రేలియా జెండా కింద శిక్షణ పొందిన తొలి వ్యోమగామి అయింది. రుసుము లేదు, గుట్టు లేదు, జీతం ఉంది. ఇంత జరిగాక కూడా ఆమె ఎప్పుడు ఎగురుతుందో అప్పటికి ఖరారు కాలేదు.

వెళ్లాలన్న కోరిక తప్పు కాదు. ఓడలెక్కి తెలియని తీరాలకు వెళ్లినవాళ్లే లేకపోతే నేటి ఆస్ట్రేలియా ఈ రూపంలో ఉండేదే కాదు, ఆ రాకడకు అక్కడి ఆదివాసులు చెల్లించిన మూల్యం వేరే కథ. కానీ రహస్యంగా వచ్చిన పిలుపును తేల్చడానికి అంగారకుడి గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు. ఒప్పంద పత్రాన్ని సొంత లాయరుకు, వైద్య నివేదికను సొంత డాక్టరుకు, నౌక వివరాలను ఏదైనా విశ్వవిద్యాలయ ఇంజినీరుకు చూపిస్తానని అడగాలి. కుదరదంటే వెళ్లకూడదు. డబ్బు ముందుగా అడిగితే, బ్యాంకు వివరాలో పాస్‌పోర్టు నకలో పంపమంటే, అది యాత్ర కాదు, మోసం. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు స్కామ్‌వాచ్‌కు తెలియజేయాలి. డబ్బు పోయిన పక్షంలో ముందుగా బ్యాంకుకు ఫోన్ చేయాలి. భారతదేశంలో సైబర్ మోసాల ఫిర్యాదుకు నంబరు 1930.